బిందె ఎత్తుతున్నవా, అండాలమ్మా?

క్యాన్సర్ వార్డులో కొత్తగా చేరిన నర్సు పిల్లలు నన్ను మొదట అడిగేది నరం గురించి. మందు ఎక్కించి ఎక్కించి ఎండిపోయిన చేతిలో నరం ఎలా దొరకబుచ్చుకోవాలో చెప్పమంటారు. చెబుతాను. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టండి, చెయ్యి కాసేపు కిందికి వేలాడనివ్వండి, రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే పౌరుషానికి పోకుండా ఇంకొకర్ని పిలవండి అంటాను. ఆ విద్య ఆరు నెలల్లో వస్తుంది. రోగిని ‘ఎలా ఉన్నావు’ అని అడగడం మాత్రం నాకు ఉద్యోగం చివరి ఏళ్లలో గానీ రాలేదు. వచ్చిందనుకున్నాక కూడా మళ్లీ ఒకసారి తప్పాను. ఇక్కడ రాస్తున్నది ఆ రెండు తప్పుల గురించి, వాటి మధ్య మేం చేసిన పని గురించి.

నా పేరు రాజ్యలక్ష్మి. మా వాళ్లది తెనాలి పక్క పల్లె. నాన్నకు సిటీలో పని దొరికితే ఇంటిల్లిపాదీ వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డాం. సిటీలో పెద్దాసుపత్రిలో చాలా ఏళ్లు చేశాక, ఇబ్రహీంపట్నంలో ఒక ట్రస్టు వాళ్లు చిన్న క్యాన్సర్ సెంటర్ పెడుతుంటే వచ్చి చేరాను. ఆరు మంచాలు, ఒక మందుల గది, ఒక డాక్టరు. ఆపరేషన్, ఊళ్లవాళ్లు కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వైద్యం సిటీలో చేసేవారు. ఇరవై ఒక్క రోజులకోసారి ఎక్కించే మందు మా దగ్గర. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు సిటీకి తిరగలేక సగంలో మానేస్తున్నారని, ఆ సగాన్ని పూర్తి చేయించడానికే ఆ సెంటర్ పుట్టింది. కాబట్టి మా అసలు పని మందు ఎక్కించడం కాదు, మనిషిని మళ్లీ రప్పించడం. ఇది ఎవరూ మీకు చెప్పరు, చేరిన రోజే రాసిపెట్టుకోండి.

నేర్చుకున్న మాట

వచ్చిన కొత్తలో నా యాస వినగానే అందరూ నన్ను ఆంధ్ర సిస్టరనేవారు. ‘కూర్చోండమ్మా’ అంటే బిగుసుకుని కూర్చునేవారు. అదే ‘కూసో అక్కా’ అంటే చెంగు సర్దుకుని కష్టం చెప్పుకునేవారు. అందుకని పట్టుబట్టి నేర్చుకున్నాను. జర ఆగు, ఫికర్ చెయ్యకు, గట్లనా, అవ్. మా సెంటర్లో పక్కలు వేసి, గదులు ఊడ్చే బాలమ్మ నా గురువు. ఆమెది మంచాల మండలంలో ఒక ఊరు. నేను తప్పు పలికితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

“మా మాట నీ నోట్లె కొత్త కోడలు లెక్క నడుస్తది సిస్టరమ్మా. ఎక్కడ అడుగెయ్యాల్నో దానికి తెలుస్తలేదు,” అనేది.

నాలుగైదేళ్లకు కోడలు ముదిరింది. రోగులు నన్ను ఆంధ్ర మనిషని మర్చిపోయారు. అది నాకు పతకంతో సమానం. సాయంత్రం మీర్‌పేట్ బస్సెక్కి కూర్చుంటే, ఇవాళ ఎంతమందితో ‘మంచిగున్నరా’ అని మంచిగా పలికానో లెక్కేసుకునేదాన్ని. ఆ గర్వమే నా కొంప ముంచింది, నాతోపాటు మరికొందరిది కూడా.

ఫోన్ల కాలం

అండాలమ్మ మా దగ్గరికి వచ్చేనాటికి రొమ్ములో నిమ్మకాయంత గడ్డ ఉంది. భర్త జంగయ్య, గొర్లు కాసే మనిషి, నెమ్మదస్తుడు. మొదట మందుతో గడ్డను చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేసి, ఆ పైన కరెంటు పెట్టాలన్నది డాక్టర్ ప్రభాకర్‌గారి ఆలోచన. మూడుసార్లు మందు ఎక్కింది. గడ్డ ఉసిరికాయంతకు దిగింది. జుట్టు ఊడిపోయిన తలమీద కొంగు కప్పుకుని, ‘ఇగ మూడుసార్లే కదా సిస్టరమ్మా’ అని వేళ్లమీద లెక్కపెట్టి చూపించి వెళ్లింది. ఆ తర్వాతి వారం దేశం మూతపడింది.

మా భవనాన్ని కరోనా వాళ్లను విడిగా ఉంచడానికి తీసుకున్నారు. నర్సులందరినీ ఆ డ్యూటీకి పంపారు. బీపీ, షుగరూ ఉన్నాయని నన్నొక్కదాన్నే వదిలేసి, ఒక ఫోను, రోగుల పేర్లున్న రిజిస్టరు చేతికిచ్చి, “సిస్టర్, పదిహేను రోజులకోసారి అందరికీ ఫోన్ చేసి ఎట్లున్నరో రాయండి. మళ్ల తెరిచిన రోజు ఎవర్ని ముందు పిలవాల్నో దాన్నిబట్టి చూద్దాం,” అన్నారు డాక్టరుగారు.

ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లు చేసేదాన్ని. రిజిస్టరులో ఒక గడి గీసుకున్నాను. బాగుంటే ‘మంచిగున్నది’, లేకపోతే ‘మంచిగలేదు’.

“అండాలమ్మా, మంచిగున్నవా?”

“మంచిగున్న సిస్టరమ్మా. నువ్వు మంచిగున్నవా? పిల్లలు మంచిగున్నరా?”

“అందరం మంచిగున్నం.”

గడిలో రాసేదాన్ని. పదిహేను రోజులకు మళ్లీ అదే మాట. ఆమె గొంతు వింటే నాకూ ఊరటగా ఉండేది. అన్నిసార్లూ అదే రాశాను. రిజిస్టరు చూస్తే కళ్లు చల్లబడేలా, పేజీ నిండా ‘మంచిగున్నది’. మన రోగులు ఎంత గట్టివాళ్లో అని ఇంట్లో చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సెంటర్ మళ్లీ తెరిచారు. సగం మంది నర్సులు లేరు, మందులు తక్కువ, మంచానికీ మంచానికీ దూరం ఉండాలి కాబట్టి ఆరింట్లో మూడే వేశాం. అందర్నీ ఒక్కసారి పిలవలేం. నా గడి చూసి డాక్టరుగారు జాబితా చేశారు. ‘మంచిగలేదు’ అన్నవాళ్లు ముందు, ‘మంచిగున్నది’ అన్నవాళ్లు తర్వాత. న్యాయమైన పద్ధతి అనే అనుకున్నాం. అండాలమ్మ పేరు రెండో జాబితాలో, కిందికి పోయింది. ఆ జాబితా దగ్గరికి రావడానికి ఇంకా వారాలు పట్టేది.

బాలమ్మ ఫోన్ లాక్కోవడం

ఒక పొద్దున రెండో జాబితా వాళ్లకు ‘త్వరలో పిలుస్తాం’ అని చెప్పడానికి ఫోన్లు చేస్తున్నాను. చేతిలో పెన్ను ఉందని ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచాను. బాలమ్మ అక్కడే తడిగుడ్డ పెడుతోంది.

“మంచిగున్నవా అండాలమ్మా?”

“మంచిగున్న సిస్టరమ్మా.”

రాయబోతున్నాను. బాలమ్మ తడిగుడ్డ బకెట్లో పడేసి లేచి నిలబడింది.

“ఏమడుగుతున్నవ్ సిస్టరమ్మా నువ్వు? మంచిగున్నవా అంటే పాడె మీదున్నోడు గూడ మంచిగున్న అనే అంటడు. అది పలకరింపు. ఆమె నీకు మర్యాద చెప్పింది, రోగం చెప్పలే.”

నేను నోరు తెరిచేలోపే చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను లాక్కుంది.

“అక్కా, నేను బాలమ్మను, దవాఖానల పక్కలేస్త. ఎరికేనా? పొద్దుగాల బోళ్లు ఎవలు తోమిన్రు?”

“పక్కింటి పిల్ల తోమింది,” అంది అండాలమ్మ.

“బిందె ఎత్తుతున్నవా?”

“ఏడ బిందె అక్కా. చెయ్యి లేస్తలే. ఉబ్బింది.”

“రైక తొడుగుతున్నవా?”

ఈసారి గొంతు బాగా తగ్గించి చెప్పింది. “తొడుగుతలే. పుండైంది. వాసనొస్తదని నేనే బయట అర్రల పంటున్న.”

మూడు ప్రశ్నలు. నాలుగు నెలలుగా నేను రాసిన గడులన్నీ ఆ మూడు ప్రశ్నలతో అబద్ధమైపోయాయి. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో అండాలమ్మ మీద జాలికంటే ముందు నాకు కలిగింది భయం. ఇంకెంతమంది పేర్ల పక్కన ఇలా రాశానో అన్న భయం. బాలమ్మ మళ్లీ గుడ్డ పిండుకుంది.

నా తప్పు ఎక్కడుందో అర్థం కావడానికి ఆ రోజంతా పట్టింది. నాకు వాళ్ల మాట రాకపోతే ఈ తప్పు జరిగేది కాదు. వచ్చీరాని రోజుల్లో ‘గడ్డ పెరిగిందా, తగ్గిందా’ అని మొరటుగా అడిగేదాన్ని. పెరిగితే పెరిగిందనేవారు. వాళ్ల పలకరింపు నేర్చుకున్నాక దాన్నే పరీక్ష అనుకున్నాను. ఆ ‘మంచిగున్న’ ఇంటికొచ్చిన వాళ్లకు ముందు చెంబుతో నీళ్లిచ్చినట్టు ఇచ్చే మాట. నేను ఆ నీళ్లు తాగి, భోజనం అయిందని రాసుకున్నాను.

రమ్మంటే రాకపోదునా

మర్నాడే జంగయ్య ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. డాక్టరుగారు గుడ్డ విప్పి చూశారు. ఆయన మంచి డాక్టరు, మొండి మనిషి. తప్పు కనబడితే ముందు అరుస్తారు. ఆ రోజు అరవలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది.

పుండు కడుగుతూ అడిగాను. “ఇంత బాధ పెట్టుకుని మంచిగున్న అని ఎందుకు చెప్పావు అండాలమ్మా?”

“ఫోన్ ఆయన దగ్గరుంటది. నలుగురిల్ల మైకు పెడ్తడు. గప్పుడు రొమ్ము ముచ్చట ఎట్ల చెప్త?” అంది. తర్వాత, “బాగలేదంటే అంబులెన్స్ పంపిస్తరు, ఇల్లు మూస్తరు అని ఊళ్లె అన్నరు,” అంది. ఇంకాసేపటికి, నా ముఖం చూడకుండా, “నువ్వు రమ్మంటే రాకపోదునా సిస్టరమ్మా. నువ్వు మంచిగున్నవా అని అడిగి పెట్టేస్తివి. రమ్మనకపోతివి. నేనింక అక్కర్లేదేమో అనుకున్న.”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లున్నారు. ఒకసారి ఒకాయన చెప్పు కూడా ఎత్తాడు. వాటిలో ఏదీ నాకు ఇంత గుచ్చుకోలేదు. చేతిలో పని ఆపకుండా ఏడ్చాను. ఆమె చూసి, “నువ్వెందుకు ఏడుస్తున్నవ్? నొప్పి నాకు గద,” అంది.

ముందు వేసుకున్న ప్రణాళిక పనికిరాదు. మందు మార్చాలి, మళ్లీ మొదటి నుంచి లెక్క. ఎన్నిసార్లు ఎక్కించాలో వేళ్లమీద చూపిస్తే ఆమె రెండు చేతులూ చూసుకుంది. “నడుమ మళ్ల మూస్తరా?” అని అడిగింది. మూయం అని మాటిచ్చే అధికారం నాకు లేదు. “భవనం మూస్తే నీ ఇంటికొస్తాను. ఫోన్ చేయను, వస్తాను,” అన్నాను. భవనం మూయకపోయినా, ఆ మాట నేను నిలబెట్టుకోవలసి వచ్చిన రోజు తర్వాత వచ్చింది.

బిందె ప్రశ్నలు

ఆ సాయంత్రమే నేను, బాలమ్మ, డాక్టరుగారు కూర్చున్నాం. కూర్చోమంటే బాలమ్మ కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. ‘మంచిగున్నది’ అని రాసిన ప్రతి పేరునూ మళ్లీ మొదటి నుంచి అడగాలని తేల్చుకున్నాం. ఏం అడగాలో బాలమ్మ చెబితే నేను రాశాను. బోళ్లు ఎవలు తోమిన్రు. బిందె ఎత్తుతున్నవా. రైక పడుతున్నదా. కారం తినవడ్తున్నదా. రాత్రి ఎటు ఒత్తిగిలి పంటున్నవ్. మా సెంటర్లో వాటికి బిందె ప్రశ్నలని పేరు పడింది.

వీటిలో ఒక్కటీ పుస్తకాల్లో లేదు. కానీ చూడండి, ప్రతిదానికీ జవాబు ఒక పని. మర్యాదకు చెప్పే జవాబు వీటికి లేదు. అవునన్నా కాదన్నా మనకు ఏదో ఒకటి తెలుస్తుంది. ఫోను రోగి చేతికే ఇవ్వమని, మైకు, అంటే స్పీకరు, తీసేయమని ముందే చెప్పేవాళ్లం. మగవాళ్లు పక్కన ఉంటే బాలమ్మ, “అన్నా, నువ్వు జర బయటికి పో, ఆడోళ్ల ముచ్చట,” అనేది. పోయేవారు. నేనంటే పోయేవారు కాదు.

మంచం మీదకి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కొందరి విషయంలో సమయానికి అందుకున్నాం. అందరి విషయంలో కాదు. యాచారం నుంచి వచ్చే ఒక పెద్దాయనకు నోట్లో పుండు ఉండేది. ఆయన పేరు పక్కన కూడా నేను ‘మంచిగున్నది’ అనే రాశాను. ఈసారి ‘కారం తినవడ్తున్నదా’ అని అడిగితే కొడుకు అందుకుని, “కారం ఏంది మేడం, నీళ్లే దిగుతలేవు,” అన్నాడు. తీసుకొచ్చేసరికి చేయగలిగింది నొప్పి తగ్గించడం ఒక్కటే. ఆయన పోయాక కొడుకు వచ్చి మిగిలిన మందులు తిరిగి ఇచ్చి, “ఇంకెవలికన్న పనికొస్తయి,” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట. తప్పు జరిగిందని తెలిసిన రోజు రెండు దారులుంటాయి. కుమిలిపోతూ కూర్చోవడం ఒకటి, రిజిస్టరు మొదటి పేజీ తీసి ఫోను కలపడం ఒకటి. మొదటిది మంచితనంలా కనిపిస్తుంది గానీ రోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. నేను ఏడుపు బస్సులో ముగించుకుని పొద్దున్నే ఫోను పట్టుకునేదాన్ని.

లేని గడి

అండాలమ్మకు ఆపరేషన్ అయింది. కరెంటు పెట్టించుకుంది. చెయ్యి వాపు పూర్తిగా పోలేదు, ఆ చేత్తో బరువు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. రోజుకో మాత్ర వేసుకుంటూ మళ్లీ గొర్ల వెంట తిరగడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే సిటీ నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. కరోనా కాలంలో క్యాన్సర్ వైద్యం ఎందుకు ఆగింది, మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చెయ్యాలి అని చూస్తున్నారు. మంచి పని. ప్రతి రోగికీ ఒక ఫారం. ‘ఆలస్యానికి కారణం’ అన్నచోట నాలుగు గడులు. రోగి భయపడి రాలేదు. రవాణా లేదు. రోగికి కరోనా సోకింది. రోగి ఆచూకీ దొరకలేదు.

అండాలమ్మ ఫారం దగ్గర ఆగిపోయాను. ఆమె భయపడలేదు, జంగయ్య ఆటో మాట్లాడుకునేవాడు, కరోనా రాలేదు. ఆచూకీ అంటారా, ప్రతి పదిహేను రోజులకూ నాతోనే మాట్లాడింది.

డాక్టరుగారు మొదటి గడిలో టిక్కు పెట్టమన్నారు.

“అది నిజం కాదు సార్. మనం తప్పుగా అడిగాం. ఆ గడి ఇందులో లేదు,” అన్నాను.

“సిస్టర్, మన పేరు మనమే ఎందుకు చెడగొట్టుకోవాలె? ఇప్పుడు సరిచేసుకున్నం గదా.”

“మనం సరిచేసుకున్నాం. వేరే ఊళ్లో నాలాంటిది ఇంకొకతె ఇప్పుడు కూడా ‘మంచిగున్నది’ అని రాస్తుంటుంది. ఆమెకెవరు చెబుతారు?”

ఆయన లేచి వెళ్లిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మందుల చీటీ కూడా బాలమ్మ చేత పంపారు. నేను ఫారం నింపలేదు. నాకూ మొండితనం తక్కువేం కాదు.

ఈలోపు అండాలమ్మ చూపించుకోవడానికి వచ్చింది. పరిశోధనలో చేర్చుకోవాలంటే ఆమె ఒప్పుకోలు కావాలి. విషయం అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె వేలిముద్ర వేసే ముందు ఆలోచించి, “నా పేరు రాయొద్దు. నా ముచ్చట రాయి. ఉన్నదున్నట్టు రాయి,” అంది. ఇక్కడ కూడా నేను రాసింది ఆమె అసలు పేరు కాదు. గదిలోనే ఉన్న డాక్టరుగారు ఫారం నా ముందునుంచి లాక్కున్నారు. నాలుగు గడుల కింద గీత గీసి, తన చేతి రాతతో అయిదోది రాశారు: ‘సెంటర్ సరిగా అడగలేదు, అందువల్ల పిలవలేదు.’ టిక్కు పెట్టి, కింద తన సంతకం చేశారు. నా సంతకం అడగలేదు. ఆయన మీద నాకున్న చిరాకులన్నీ ఆ సంతకంతో చెల్లిపోయాయి.

తర్వాతి విడత ఫారాల్లో ఆ అయిదో గడి అచ్చయి వచ్చింది. బిందె ప్రశ్నలూ ఒక కాగితం మీద అచ్చయి, ఇంకొన్ని సెంటర్లకు వెళ్లాయి. బాలమ్మకు చూపిస్తే తలకిందులుగా పట్టుకుని, “నా మాటలేనా గివి? మస్తుగున్నయి,” అంది.

అదే గొయ్యి

నేను రిటైరయ్యే వారం. శనివారం సాయంత్రం వీడ్కోలు సభ అన్నారు. రిజిస్టరు కొత్త సిస్టరుకు అప్పగించాలి కాబట్టి, నావి అనుకునే పేర్లకు చివరిసారి నేనే ఫోన్లు చేసుకుంటానన్నాను. అచ్చు కాగితం ముందు పెట్టుకుని వరసగా అడుగుతున్నాను.

“అండాలమ్మా, బోళ్లు ఎవలు తోమిన్రు?”

“నేనే తోమిన సిస్టరమ్మా.”

“బిందె ఎత్తుతున్నవా?”

“రెండు బిందెలు ఎత్తిన పొద్దుగాల.”

“రాత్రి నిద్ర పడుతున్నదా?”

“మస్తు పడుతున్నది. నువ్వు మంచిగుండు.”

పెన్ను గడి మీద పెట్టాను. రాశాను కూడా, సగం. అప్పుడు తట్టింది. ఆ చేత్తో బిందె ఎత్తొద్దని చెప్పిందే మేము. అయినా నేను కాగితం చూసి అడిగాను, ఆమె కాగితానికి జవాబు చెప్పింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. మా బిందె ప్రశ్న కూడా ‘మంచిగున్నవా’ అయిపోయింది. చూసుకోకుండా అదే గోతిలో రెండోసారి కాలు పెట్టాను.

మర్నాడు శనివారం. పొద్దున్నే ఆమె ఊరికి బస్సెక్కాను. వాకిట్లో నల్లా ఉంది, దానికి పైపు తగిలించి ఉంది. బిందె గోడ పక్కన బోర్లించి ఉంది, అడుగున దుమ్ము. ఆ ఇంట్లో బిందె ఎత్తే అవసరమే లేదు. అండాలమ్మ అరుగు మీద గోడకు జారగిలబడి ఉంది. నన్ను చూసి లేవబోయి, నడుం పట్టుకుని మళ్లీ కూలబడింది.

“ఎన్నాళ్లయింది?” అన్నాను.

అబద్ధం ఆడలేదు. “రెండు నెల్లు. రాత్రి ఒత్తిగిలరాదు.”

“నాకు ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు దిగిపోతున్నవ్ గద. శనివారం శాలువా కప్తరట, బాలమ్మ చెప్పింది. నా బాధ చెప్పి నిన్ను ఏడిపిచ్చి పంపుడెందుకు, సంబురంగ పోనీ అనుకున్న.”

నాకు ఆమె మీద కోపం వచ్చింది. నిజమైన కోపం, ఇంటి మనిషి మీద వచ్చేలాంటిది. “శాలువా ఎక్కడికీ పోదు. లే,” అన్నాను. జంగయ్య అప్పటికే చెప్పులేసుకుని ఆటో కోసం వెళ్లాడు.

దారంతా గతుకులే. ప్రతి కుదుపుకీ ఆమె నా మోకాలు పట్టుకునేది. సెంటర్‌లో డాక్టరుగారు చూసి, వెంటనే సిటీకి, ఎముకల పరీక్షకు పంపారు. నేనే తీసుకెళ్లాను. సాయంత్రం నాలుగింటికి ఇబ్రహీంపట్నంలో నా పేరు పిలిచి శాలువా చూపించే వేళకు, సిటీలో మేమిద్దరం ఒక బల్లమీద కూర్చుని మా వంతు కోసం చూస్తున్నాం. ఆమె ఆకలిగా ఉందంటే అరటిపళ్లు కొన్నాను. బాలమ్మ ఫోన్ చేసి, “మైకుల నీ పేరు మూడుసార్లు పిలిచిన్రు. సార్ శాలువా నాకు కప్పిండు, నీకిస్తలే,” అంది. ఇప్పటికీ ఇవ్వలేదు.

జబ్బు వెన్నెముకకు పాకింది. దాన్ని తీసేయలేం, ఆపి ఉంచగలం. మాత్ర మార్చారు, నెలకో ఇంజెక్షన్ పెట్టారు. ఇంకో రెండు నెలలు అలాగే వదిలేసి ఉంటే కాళ్లు పడిపోయేవన్నారు. పడలేదు. నేను ఇది రాస్తున్న రోజుకు అండాలమ్మ కర్ర పట్టుకుని గొర్ల వెంట కొంతదూరం వెళ్లి, చెట్టు నీడన కూర్చుని, జంగయ్య మీద కేకలేస్తోంది. ఎన్నాళ్లు అని నన్నడగకండి. నిన్న ఉంది, చూశాను.

సోమవారం రిజిస్టరు అప్పగించడానికి వెళ్లాను. కొత్త సిస్టరు పేజీలు తిప్పుతూ అండాలమ్మ పేరు దగ్గర ఆగింది. గడిలో నేను శుక్రవారం సగం రాసిన ‘మంచిగు’ అలాగే ఉంది.

“ఇదేంటి మేడం, మధ్యలో వదిలేశారు? పూర్తి చెయ్యనా?”

పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసి, ఉద్యోగంలో నా చివరి మాట పక్కన రాశాను. ‘వెళ్లి చూశాను.’